కొలిమిలో కుంపటి

బెంజి సర్కిల్ దగ్గర మొదలుపెట్టి పోరంకి దాటేదాకా బందరు రోడ్డు హోర్డింగులన్నిటిదీ ఇప్పుడు ఒకే పాట. ఇల్లంతటికీ సెంట్రల్ ఏసీ, అదీ బడ్జెట్‌లోనే. 2025 సెప్టెంబరు 22న ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగిందో లేదో, బెజవాడ మధ్యతరగతి మనిషి ఇన్నాళ్లూ ఒక్క గది ఏసీతో ఎలా బతికాడా అని బిల్డర్లకు బెంగ పట్టుకుంది. ఆ తగ్గిందేమిటో ముందు లెక్క చూద్దాం. 128 రూపాయలు పడే వస్తువు 118కి వచ్చింది. నూటికి ఎనిమిది రూపాయలు కూడా కాదు. ఆ ఎనిమిది మిగులుతాయని చెప్పి నాలుగింతల యంత్రం కొనమనడం, రైలు టిక్కెట్టు పది రూపాయలు తగ్గింది కాబట్టి పెట్టెకు పెట్టే కొనుక్కోమన్నట్లుంది. అయినా బడ్జెట్ అన్న మాట పక్కన చేరాక మన బుర్ర లెక్కలు చెయ్యడం మానేస్తుంది. ఆ ఒక్క మాటకున్న చలవ ఏ యంత్రానికీ లేదు.

ఈ సెంట్రల్ ఏసీ ఎలా పుట్టిందో తెలిస్తే అది మనకెందుకు నప్పదో వేరే చెప్పక్కర్లేదు. షికాగోలోనో మినియాపొలిస్‌లోనో ఇల్లు కట్టేవాడికి మొదటి శత్రువు ఎండ కాదు, మంచు. ఒక్క గది వెచ్చగా ఉంచుకుని మిగతా ఇల్లు వదిలేస్తానంటే అక్కడ కుదరదు, గోడల్లో నీళ్ల గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి. అందుకని నేలమాళిగలో గ్యాస్‌తో మండే ఫర్నేస్, ఆ వేడిగాలిని గదిగదికీ తోసే పెద్ద ఫ్యాను, గాలి పోవడానికి ఇల్లంతా రేకు గొట్టాలు. ఇవన్నీ చలి కోసం ఎలాగూ పెట్టుకున్నవి. తరవాత ఎండాకాలంలో చల్లదనం కావాలనుకున్నప్పుడు ఆ ఫర్నేస్ నెత్తిన ఒక చల్లటి కాయిల్ కూర్చోబెట్టారు. ఫ్యాను అదే, గొట్టాలూ అవే. కాబట్టి అక్కడ సెంట్రల్ ఏసీ నిజంగానే చవక బేరం. అక్కడి మనవాళ్లు ఫర్నేసూ ఏసీ కలిపి మార్చాల్సి వచ్చినప్పుడు, కాల్చిన గ్యాస్‌లో 80 శాతం వేడి ఇచ్చేది కొనాలా, 95 శాతం ఇచ్చేది కొనాలా అని తల బద్దలుకొట్టుకుంటే అందులో అర్థముంది. ఎక్కువ పెట్టిన డబ్బును ఆర్నెల్ల చలి తిరిగి ఇచ్చేస్తుంది. మనం మాత్రం ఫర్నేస్‌ని అక్కడే వదిలేసి, దాని గొట్టాలను తెచ్చి హాలు కప్పుకు వేలాడదీసుకుంటున్నాం. పెళ్లికొడుకు లేకుండా వచ్చిన పెళ్లివారికి విడిది ఇస్తున్నాం.

అసలు వదిలేశామంటే వ్యాపారులు నొచ్చుకుంటారు. ఆ ఫర్నేస్ ఆత్మ ‘హాట్ అండ్ కోల్డ్’ పేరుతో ఇక్కడికీ వచ్చింది. వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా. ఎక్కడ? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెతకు సాక్ష్యంగా నిలబడ్డ ఊళ్లో. మొగల్రాజపురం కొండ పగలంతా తాగిన ఎండను రాత్రి రెండింటిదాకా కక్కే ఊళ్లో. ఇక్కడ చలికాలమంటే జనవరి తెల్లవారుజామున పద్దెనిమిది, పంతొమ్మిది డిగ్రీలు. పదిహేనుకు దిగితే మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది, మంకీ క్యాపుల్లో టీకొట్టు చుట్టూ మూగిన జనం, కింద ‘గజగజ’ అని శీర్షిక. ఆ గజగజ పదింటికల్లా ముగుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి గజగజలాడినవాడే ఫ్యాను స్విచ్చి వెతుక్కుంటాడు.

సాంకేతికంగా ఇందులో మోసమేమీ లేదు. గదిలో వేడిని బయటికి తోడే యంత్రాన్ని ఒక కవాటంతో తిరగేస్తే బయటి వేడిని గదిలోకి తోడుతుంది. ఢిల్లీలో జనవరికి అది వరమే. మన దగ్గర దాని లెక్క చూడండి. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 డిగ్రీలు చూపించాలన్నారు, రిమోట్ చేతికి రాగానే మనం దాన్ని 18కి దించుకుంటూనే ఉన్నాం. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్‌లాల్ ఖట్టర్ ఇకమీద 20కి కిందికి దిగనివ్వం, 28కి పైకి పోనివ్వం అన్నప్పుడు, మా ఇంట్లో మా చల్లదనం మీద మీ పెత్తనమేమిటని గోల పెట్టాం. అంటే మే నెలలో 18 డిగ్రీలు మన జన్మహక్కు. కరెంటు బిల్లు కట్టి, రగ్గు కప్పుకుని, హాయిగా నిద్రపోయే చల్లదనం. అదే 18 జనవరిలో భగవంతుడు కిటికీలోంచి ఊరికే పంపిస్తే చలి. దాన్ని తరమడానికి ఇంకో యంత్రం, దానికింకో బిల్లు. డబ్బిచ్చి కొంటే హాయి, ఉచితంగా వస్తే రోగం. ఈ తర్కాన్ని అమ్మగలిగినవాడు కృష్ణా కాలవ గట్టున కృష్ణ నీళ్లే సీసాలో పోసి అమ్మగలడు.

పెద్దవాళ్లకు కీళ్ల నొప్పులు, ఉబ్బసం, ధనుర్మాసం మంచు అంటారు. వాళ్ల బాధ నిజమే. దానికి కిటికీ తలుపొకటి ఉంది, దుప్పటి ఒకటి ఉంది, స్నానానికి వేడినీళ్లున్నాయి. ఆ రెండుమూడు వారాల తెల్లవారుజాముల కోసం అన్ని గదులకూ వేడి యంత్రం కట్టించే ఇంట్లో ఆ పెద్దవాళ్లు పడుకునేది ఒక్క గదిలో. మిగతా గదులెవరికంటే, అమెరికా నుంచి వచ్చే పిల్లలకు. ఆ పిల్లలొచ్చేది సంక్రాంతికి. నిజమైన ఫర్నేసుల మధ్య బతికే ఆ పిల్లలు మన చలికాలంలో డాబా మీద బనీనుతో తిరుగుతారు. అంటే వేసవి కోసం ఇల్లంతా పెట్టించిన చల్లదనం వేసవిలో ఖాళీ గదులకు, చలికాలం కోసం పెట్టించిన వెచ్చదనం అక్కర్లేని మనుషులకు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందన్న సామెతలో నక్కకు కనీసం పులి కనబడింది. మనకు పులి ఫొటోయే కనబడింది.

ఫర్నేస్ లేదని ఊరికి అన్యాయం చెయ్యకూడదు. ఉంది. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో బొగ్గు రాత్రింబవళ్లు మండుతూనే ఉంది. ఇక్కడ ఖాళీ గది చల్లబడితే అక్కడ ఇంకాస్త బొగ్గు కాలుతుంది, ఆ బూడిద మనమీద పడదు, చుట్టుపక్కల ఊళ్ల మీద పడుతుంది. గదిలోంచి తోడిన వేడి కూడా మాయమైపోదు. కంప్రెసర్ వేడిని వెంటేసుకుని ఔట్‌డోర్ యూనిట్‌లోంచి సందులోకి, ఎదురింటి కిటికీలోకి, కింద సెల్లారులో వాచ్‌మన్ కాపురముండే రేకుల గదిలోకి పోతుంది. 2015 మే వడగాడ్పుల్లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా పోయారు. రోడ్డు మీద పనిచేసేవాళ్లు, కూలీలు, ముసలివాళ్లు. ఈ ఊరికి చల్లదనం అత్యవసరమే, ప్రాణావసరమే. అందుకే ఈ వేషం చూస్తే ఒళ్లు మండుతుంది. బయటి గోడ మందం తగ్గించి, కిటికీ మీద సన్‌షేడ్ తీసేసి, పడమటి గోడకు నిలువెత్తు అద్దం బిగించి ఇంటిని పొయ్యి చేసినవాడే, ఆ పొయ్యి చల్లార్చే యంత్రం కూడా నేనే ఇస్తాను, బడ్జెట్‌లో ఇస్తాను అంటున్నాడు. దెబ్బ కొట్టిన చేత్తోనే మందు అమ్మేవాణ్ణి ఊళ్లో ఏమంటారో అదే ఇతన్నీ అనాలి. సిగ్గు లేకపోతే సరే, వాస్తు చూసి మరీ కట్టామంటాడు. ఆగ్నేయం సంగతి తెలిసినవాడికి పడమటి ఎండ సంగతి తెలియదా?

సరే, బడ్జెట్ అన్నారు కాబట్టి లెక్కకే వద్దాం. మన డిస్కమ్ శ్లాబుల్లో మొదటి ముప్పై యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, ఆపైన మెట్టుమెట్టుకీ పెరిగి, 225 దాటాక 8.75, 400 దాటాక 9.75. ఒక్క పడకగదిలో టన్నున్నర ఇన్వర్టర్ ఏసీ గంటకు సగటున 0.8 యూనిట్ తింటుందనుకుందాం. రాత్రికి ఎనిమిది గంటలు, నెలకు 192 యూనిట్లు, ఖర్చు 819 రూపాయలు. ఇల్లంతటికీ ఆరు టన్నుల యంత్రం గంటకు నాలుగు యూనిట్లతో సరిపెట్టుకుందనుకుందాం, అదే ఎనిమిది గంటలకు నెలకు 960 యూనిట్లు, ఖర్చు 8,008. ఫ్రిజ్జూ ఫ్యాన్లూ సర్దుబాటు ఛార్జీలూ వదిలేసి చెప్పిన లెక్క ఇది. ఎనిమిది వందలకూ ఎనిమిది వేలకూ తేడా ఒక సున్నా. ఆ సున్నా పడుకునేది ఖాళీ గదుల్లో. శ్లాబు విధానంలో కిటుకు ఇదే. యూనిట్లు అయిదింతలైతే బిల్లు పదింతలవుతుంది.

టన్ను అన్న మాటనైనా ఒకసారి తూచి చూడాలి. ఒక టన్ను ఏసీ అంటే అమెరికా టన్ను ఐసు, సుమారు 907 కిలోలు, ఇరవైనాలుగు గంటల్లో కరిగేటప్పుడు లాగేంత వేడిని లాగేది. ఆరు టన్నులంటే రోజుకు అయిదున్నర వేల కిలోల ఐసు. కైకలూరు నుంచి కొల్లేటి చేపలతో అస్సాం బయల్దేరే లారీకి ఆ పాటి ఐసు కావాలి. ఇద్దరు రిటైరైన ఉద్యోగులున్న ఇంటికి దేనికి? అదీగాక ఆ టన్ను కొలిచేది బయట 35 డిగ్రీలుండగా. బెజవాడలో మేలో 35 ఉంటే ఇవాళ వాతావరణం బాగుందని అంటారు. 45 దగ్గర ఏ యంత్రానికైనా శక్తి తగ్గుతుంది, తిండి పెరుగుతుంది. స్టారు లేబుల్ మీది ఏడాది యూనిట్లేమో 1600 గంటలకు వేసిన లెక్క. మార్చి నుంచి అక్టోబరు దాకా రాత్రికి పది గంటలు నడిపే డెల్టాలో గంటలు 2400 దాటిపోతాయి. లేబుల్ అబద్ధమాడటం లేదు. అది మన ఊరి గురించి మాట్లాడటం లేదు, అంతే. పెద్దది కొంటే త్వరగా చల్లబడుతుందంటారు. అదే చిక్కు. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్ ప్రెస్సులో ఈ యంత్రానికి రూపమిచ్చింది గాలిలో తేమను అదుపు చెయ్యడానికే. అవసరానికి మించిన యంత్రం గాలిని గబగబా చల్లబరిచి, తేమ పిండకముందే ఆగిపోతుంది. డెల్టాలో మనల్ని చంపేది ఉక్కపోత. చల్లటి ఉక్కపోతకు ఎవరైనా లక్షలు పోస్తారా?

ఏ గదికాగది ఆపుకునే కొత్తరకం వచ్చింది కదా అంటారు. వచ్చింది, డైకిన్ కంపెనీ 1982లోనే కనిపెట్టింది. గదిగదికీ ఆపుకునేటట్లయితే అది సెంట్రల్ ఎందుకైంది? నాలుగు స్ప్లిట్ ఏసీలను ఒక్క ఔట్‌డోర్‌కు కట్టేసినట్టే. విడివిడిగా ఉంటే మే నెలలో ఒకటి మొరాయించినా పక్కగదిలో పడుకోవచ్చు. ఇక్కడ ఆ ఒక్కటి పడకేస్తే ఇల్లంతా మేడ మీదికి చాపలు మోసుకోవాలి. స్ప్లిట్ బాగుచేసే మెకానిక్ ప్రతి సందులోనూ ఉంటాడు, దీనికి కంపెనీ మనిషి కోసం కాచుకోవాలి. గొట్టాల రకమైతే వాటిని దాచడానికి కప్పు అడుగు దిగుతుంది. పది అడుగుల ఎత్తు తొమ్మిదవుతుంది, వేడిగాలి తల మీదికొస్తుంది. గొట్టాల అతుకుల్లో ఎంత చల్లగాలి కారిపోతుందో సీలింగు పైనుండే బల్లులకే తెలుసు. ఎండలు ఏటేటా ముదురుతున్నాయి, రేపటి కోసం కదా అంటారు. నిజమే, ముదురుతున్నాయి. దానికి జవాబు గోడలో, కప్పులో ఉండాలి. డాబా మీద తెల్లటి పూత, చలవ పెంకులు, పడమట నీడ. తెలంగాణ 2023లో ఏకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. మన తాతలు పెంకుటింటికి వసారా దించి, గుమ్మానికి వట్టివేళ్ల తడికె కట్టి ఏ విధానమూ లేకుండానే ఆ పని చేశారు.

ఇక చిల్లర సంగతులు. వైఫై ఏసీ: ఆఫీసులో కూర్చుని ఇంట్లో ఏసీ ఆపొచ్చట. ఏటేటా గ్యాస్ నింపించుకునే ఆచారం: అది మూసిన గొట్టంలో తిరిగే వాయువు, ఖర్చయిపోయేది కాదు, కారితేనే తగ్గుతుంది, కాబట్టి నింపే ముందు కన్నం పూడ్చాలి. గ్రౌండ్ ఫ్లోరులో ఔట్‌డోర్ యూనిట్: 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరును అడిగి చూడండి. సెంట్రల్ అన్నదల్లా తప్పని కాదు. అమరావతి ప్రభుత్వ భవనాల కోసం 2019లో సీఆర్‌డీఏ, దుబాయి మార్కెట్లో షేర్లున్న తబ్రీద్ సంస్థతో 20,000 టన్నుల ఉమ్మడి శీతల కేంద్రానికి ఒప్పందం చేసుకుంది. దానికో తర్కముంది, ఆఫీసులన్నీ పొద్దున ఒకే వేళకు నిండుతాయి, సాయంత్రం ఒకే వేళకు ఖాళీ అవుతాయి. ఆ తరవాత కొన్నేళ్లు రాజధానే చల్లబడిందనుకోండి, అది వేరే కథ.

ఇల్లు ఆఫీసు కాదు. ఇంట్లో మనుషులు గది నుంచి గదికి తిరుగుతారు, రాత్రికి ఒకటో రెండో గదుల్లో సర్దుకుంటారు. చల్లబరచాల్సింది ఆ గదుల్ని. బడ్జెట్ ఏసీ కావాలన్నవాడు షోరూముకు వెళ్లేముందు మిట్టమధ్యాహ్నం తన డాబా ఎక్కి చెప్పుల్లేకుండా పది అడుగులు నడవాలి. ఆ నడవలేకపోవడంలోనే ఉంది అతని కరెంటు బిల్లు. ముందు ఆ కప్పుకు తెల్లపూత, ఆ తరవాత పడుకునే గదికి టన్నున్నర, మిగిలిన డబ్బులో కాస్త సెల్లారులో వాచ్‌మన్ గదికి ఒక కిటికీ. ఇవేవీ వద్దు, గొట్టాలే కావాలి, చలికాలం వేడి కూడా కావాలంటే నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు, వాయిదాలూ ఇస్తారు. గుండెల మీద కుంపటి అని మన పెద్దలు ఊరికే అన్నారనుకున్నాం. దాన్ని కంపెనీవాళ్లు ఇంటికొచ్చి మరీ బిగించి పోతున్నారు.