కుడి రెక్క, ఎడమ పక్క

నేను ఇల్యూషిన్-62ని. అసలు విమానం 53 మీటర్ల పొడవు, నేను 53 సెంటీమీటర్లు. తూర్పు జర్మనీలోని ప్లాస్టికార్ట్ ఫ్యాక్టరీలో తెల్లటి పాలీస్టైరీన్ ముక్కలుగా పుట్టి, అట్టపెట్టెలో భిలాయి చేరాను. అక్కడి ఉక్కు కర్మాగారం సామర్థ్యాన్ని 40 లక్షల టన్నులకు పెంచుతున్న రోజులవి. పని ముగించుకుని వెళ్తూ ఒక రష్యన్ ఇంజనీరు, రైల్ మిల్లులో తనతో పనిచేసిన విజయనగరం ఫిట్టరు చేతిలో నన్ను పెట్టాడు. ఆ ఫిట్టరే ఇప్పుడు ఈ సెక్టర్ 7 క్వార్టర్లో అందరికీ తాత.

నైట్ షిఫ్టు దిగొచ్చి, నిద్ర మానుకుని నన్ను అతికించాడు. మొండెం అతుకుల దగ్గర జిగురు కారి మరకలు పడ్డాయి. వాటిని కప్పడానికి, కిటికీ ఊచలకు వేయగా మిగిలిన తెల్ల ఎనామెల్ నా ఒంటికి పూశాడు. రెక్కలు శుభ్రంగానే ఉన్నాయి గనక వాటి జోలికి పోలేదు. షోకేసు మీద కుడి పక్క కిటికీ వైపు, ఎడమ పక్క గోడ వైపు ఉండేలా నిలబెట్టాడు. ఆ తర్వాత దుమ్ము దులిపారే గాని నన్నెవరూ తిప్పలేదు.

ఏళ్ల మీద నాకు పసుపు పట్టింది. దల్లీ రాజహరా నుంచి వచ్చే ఎర్ర ఖనిజపు దుమ్మని నాయనమ్మ, అగరొత్తుల పొగని కోడలు, ఎండ దెబ్బని తాత తేల్చేశారు. మా సెక్టర్లోనే ఉన్న కల్యాణ్ కాలేజీలో కెమిస్ట్రీ చదివే మనవరాలు ఒక ఆదివారం సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ పట్టుకుని కూర్చుంది. గుడ్డ ఎర్రబడింది, నేను మాత్రం పసుపుగానే మిగిలాను.

“దుమ్మయితే పోవాల కదేటి?” అన్నాడు తాత.

“దుమ్ము పోయింది తాతా. మిగిలింది దీని ఒంట్లోదే,” అంటూ నన్ను మొదటిసారి అటూ ఇటూ తిప్పి చూసింది. అప్పుడు బయటపడింది అసలు వింత. కిటికీ వైపు రెక్క పసుపు, ఆ పక్క మొండెం తెలుపు. గోడ వైపు రెక్క దాదాపు తెలుపు, ఆ పక్క మొండెం పసుపు! ఎండే కారణమైతే కుడి పక్కంతా పాడవాలి. పొగే కారణమైతే రెండు పక్కలూ ఒకేలా ఉండాలి.

ముందు మొండెం సంగతి. ఎనామెల్‌కు తెలుపునిచ్చేది టైటానియం డయాక్సైడ్ పొడి. దాన్ని తీసేది ఇల్మనైట్ నుంచి. భీమిలి తీరపు నల్ల ఇసుకలో దొరికే ఆ ఖనిజంలో ఇనుమూ టైటానియమూ కలిసి ఉంటాయి. భిలాయిలో ఇనుము కోసం ఖనిజాన్ని కరిగిస్తారు. ఆ తెల్లపొడి కావాలంటే ఇనుమునే వదిలించుకోవాలి. ఆ పొడి పాడవదు. పాడయ్యేది దాన్ని పట్టి ఉంచే నూనె. ఇంటి ఎనామెల్ రెసిన్‌లో అవిసె, సోయా వంటి నూనెలుంటాయి. టర్పెంటైన్ ఆవిరైపోయాక ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. పైకి ఆరిపోయినట్టున్నా ఆ చర్య ఏళ్ల తరబడి సాగుతూ పసుపు పదార్థాలను పుట్టిస్తుంది. వెలుతురు సోకితే అవి విరిగిపోతాయి, చీకట్లో పేరుకుపోతాయి. అవిసె నూనెలో సగానికి సగం ఉండే లినోలెనిక్ ఆమ్లం ఇందులో ముందుంటుంది. అది దాదాపు లేని కుసుమ నూనెను చిత్రకారుల తెల్లరంగులో వాడేది అందుకే. గోడ నీడలో ఉన్న నా ఎడమ పక్క పసుపెక్కింది వెలుతురు కరువై!

రెక్కలది దీనికి సరిగ్గా తలకిందులు. వాటి మీద రంగే లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలీస్టైరీన్ గొలుసులను తెంచి, ఆక్సిజన్‌తో కలిపి పసుపు చేస్తాయి. ఆ మార్పు వెనక్కి రాదు. ఒకే రోగమనుకుని నన్ను డాబా మీద ఎండబెట్టి ఉంటే మొండెం బాగుపడేది, రెక్కలు మరింత చెడేవి. రంగు చూసి మందు వేయకూడదు.

మనవరాలు రెక్కలకు అల్యూమినియం రేకు చుట్టి, ఎడమ పక్కను కిటికీకి తిప్పి పెట్టింది. కొన్ని వారాలకు మొండెం తేరుకుంది. కుడి రెక్కను నీటి ఎమెరీ కాగితంతో సున్నితంగా రుద్దితే పైపొర పోయి లోపలి తెలుపు కనిపించింది. రెండు రెక్కలకూ యాక్రిలిక్ తెలుపు వేసింది. ఆరడానికి అందులో నూనె అక్కర్లేదు గనక చీకట్లోనూ పసుపెక్కదు. దానిలోని టైటానియం పొడి కిరణాలను అడ్డుకుని కింది ప్లాస్టిక్‌ను కాస్తుంది.

“ఆవేళే రెక్కలకూ వేసుంటే పోయేది కదమ్మా! డబ్బాలో ఇంకా రంగుండేది,” అన్నాడు తాత.

“వేసుంటే రెక్కలు బతికేవి తాతా. గోడ పక్క మాత్రం పసుపే,” అంది.

ఇప్పుడు నా మీద రెండు తెలుపులున్నాయి. మొండెం కొంచెం వెచ్చన, రెక్కలు కొంచెం చల్లన. తాతకు తేడా తెలియదు, మనవరాలికి కంట్లో పడుతూనే ఉంటుంది. అయినా మొండెం మీద ఆ పాత ఎనామెల్‌ను ఆమె గీకలేదు. గోడ వైపుంటే అది మళ్లీ పసుపెక్కుతుందని ఆమెకు తెలుసు. అందుకే ఇంట్లో కొత్త నియమం పెట్టింది: ప్రతి సంక్రాంతికీ నన్ను అటు నుంచి ఇటు తిప్పాలి. ఈ డ్యూటీ తాతది.