భుజంగాసన ఫ్లెక్సీకి టీకా తాత్పర్యము

మూలము (ఆదోనిలో జూన్ 21 యోగా దినోత్సవం దాటి నెలైనా దించని ఫ్లెక్సీ నుండి): భుజంగాసనము వేసిన వెన్ను బలపడును, ఉబ్బసము తగ్గును, కాలేయము శుద్ధియగును, కోపము నశించును.

అవతారిక: మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. మేమూ చేస్తున్నాం.

టీక: వెన్ను, ఉబ్బసము, కాలేయము సుగమాలు. 'కోపము నశించును': ఎవరి కోపమో కవి చెప్పలేదు. చదివినవారిది మాత్రం కాదు.

విశేషం: హఠయోగప్రదీపికలో స్వాత్మారాముడు వర్ణించిన 15 ఆసనాల్లో భుజంగం లేదు. ఘేరండసంహితలోని 32లో ఉంది. దానివల్ల దేహాగ్ని పెరుగుతుందనీ, సర్వరోగాలూ పోతాయనీ, కుండలిని మేల్కొంటుందనీ అక్కడే చెప్పారు. కనుక మన కవికి అతిశయోక్తి దోషం అంటదు. పూర్వులు సర్వరోగాలూ అన్నచోట ఈయన నాలుగింటితో సరిపెట్టుకున్నాడు. యోగసూత్రాలు రాసిన పతంజలి ఇంకా పొదుపరి. కదలకుండా, సుఖంగా కూర్చుంటే అదే ఆసనమన్నాడు, కాలేయం ఊసెత్తలేదు.

కూర్చోవడమంటే గుర్తొచ్చింది, ఎమ్మిగనూరు గుంటమగ్గం. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. నేతగాడు గట్టుమీద కూర్చుని కాళ్లు గుంటలోకి దించుతాడు. పాదాలు తొక్కుడు పలకల మీద ఆడుతుంటాయి. ఒక చేత్తో తాడు లాగితే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు ఉరుకుతుంది, రెండో చేత్తో పన్నెను దగ్గరికి కొట్టాలి. పోగుకొకసారి ఇదే వరస, పొద్దుగూకేదాకా. చేతులాడతాయి, కాళ్లాడతాయి, వంగిన నడుము మాత్రం వంగినట్టే ఉంటుంది. పతంజలి అడిగిన వాటిలో కదలకపోవడం నడుము వరకూ కుదిరింది, సుఖం ఒక్కటే బాకీ. ఎక్కడినుంచి ఎక్కడికో వచ్చాం. మల్లినాథుడు మన్నించుగాక.

ఆక్షేపం: ఆ నడుమే ఫ్లెక్సీ చదివి ఇంట్లో బోర్లా పడుకుందనుకోండి. మనిషికి హెర్నియా ఉంటే? కేంద్ర ఆయుష్ శాఖ యోగా పుస్తకమే చెబుతోంది: కడుపు ఆపరేషన్ అయినవాళ్లు రెండు మూడు నెలలు దీని జోలికి పోకూడదు, హెర్నియా, అల్సర్ ఉన్నవాళ్లు అసలే వేయకూడదు. ఆ ముక్క ఫ్లెక్సీలో లేదు. చోటు చాలలేదంటారేమో, ముప్పాతిక భాగం నాయకుల ఫొటోలే మరి.

తాత్పర్యం: లాభాలు రాసిన సైజులోనే 'వేయకూడనివారు' అని కూడా రాయండి. అందుకు ఒక్క ఫొటో తీసేస్తే చాలు.