అచ్చిరాని తుపాకీ

అత్తారింట్లో పెద్దల్లుడికి కొన్ని హక్కులు రాసిపెట్టి ఉంటాయి: మొదటి వడ్డన, కారులో ముందు సీటు, ప్రతి చర్చలోనూ ఆఖరి మాట. ఆస్టిన్‌లో నాకు బాగా తెలిసిన తోడల్లుళ్లలో పెద్దాయన ఈ హక్కుల్ని ఆవకాయ జాడీతో పాటు అమెరికా తెచ్చుకున్నాడు. చిన్నాయన ఏ కారు కొనాలి, ఏ స్కూలు చూసుకుని ఇల్లు తీసుకోవాలి, రిటైర్మెంటు సొమ్ము ఏ ఫండులో వెయ్యాలి, అన్నీ పెద్దాయనే తేల్చాడు. చిన్నాయన "సరే అన్నయ్యా" అంటూ సంతకాలు పెట్టాడు. ఆ ఫండు ఏమైందని అడిగితే మాత్రం మొహం తిప్పుకుని, వంకాయ కూర బాగా కుదిరిందంటాడు.

చిన్నాయనకు గ్రీన్‌కార్డు వచ్చిన నెలలోనే పెద్దాయనకు కొత్త సరదా మొదలైంది. అది కాకతాళీయం కాదు. హెచ్-1 వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ ముట్టుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. అంటే గాల్లో ఎగిరే పళ్లేలు పగలగొట్టి ఆడుకోవాలన్నా, ముందు లేళ్లనూ పావురాలనూ చంపడానికి అనుమతి తెచ్చుకోవాలన్నమాట. గుడ్డు కూడా తినని చిన్నాయన ఆ పని చెయ్యనన్నాడు. పెద్దాయనకేమో పక్కన సాక్షి లేనిదే ఏ విద్యా పట్టుబడదు. అందుకని కార్డు వచ్చేదాకా ఓపిక పట్టాడు.

ఆ సరదా స్పోర్టింగ్ క్లేస్. ఇంగ్లండ్‌లో పక్షుల వేటగాళ్ల సాధనగా పుట్టిన ఆట. అమెరికాలో దీనికి జాతీయ సంఘం 1989లో వచ్చింది, దాని ముఖ్య కార్యాలయం శాన్ ఆంటోనియోలోనే. ఓక్ చెట్ల మధ్య కాలిబాట వెంట నడుస్తూ ఒక్కో స్టేషన్ దగ్గర ఆగాలి. "పుల్" అని అరిస్తే ఏ పొద చాటునుంచో యంత్రం పళ్లేన్ని విసురుతుంది. ఒకటి తల మీదుగా పోతుంది, ఒకటి అడ్డంగా కోసుకుపోతుంది, ఒకటి కుందేలులా నేల మీద గెంతుతూ దొర్లుతుంది. క్లే అన్నది పేరుకే. సున్నపురాయి పొడిని తారులాంటి బంకతో కలిపి పోత పోస్తారు. మామూలుది 108 మిల్లీమీటర్లు, మిడి 90, మినీ 60. మినీ దగ్గర్లోనే ఎగిరినా ఎక్కడో దూరాన ఉన్నట్టు కళ్లను మోసం చేస్తుంది. తూటాలో నాలుగు వందలకు కాస్త తక్కువగా సీసపు గుళ్లు ఉంటాయి. అన్ని గుళ్లు ఉండీ తగలకపోవడమేమిటని బయటినుంచి చూసేవాడికి అనిపిస్తుంది. ఒకసారి భుజానికెత్తుకుంటే ఆ సందేహం తీరుతుంది.

మొదటి రోజు ముగ్గురం వెళ్లాం. నేను బార్బెక్యూ కోసం వెళ్లానని ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. క్లబ్బు వాళ్లు అద్దెకిచ్చిన తుపాకీలతో, అక్కడి కోచ్ వెనక నిలబడి చూస్తుండగా తోడల్లుళ్లు ఆట మొదలుపెట్టారు. చిన్నాయన సగానికి పైగా పగలగొట్టాడు. పెద్దాయనకు చిత్రమైన వరస పట్టుకుంది. కుడినుంచి ఎడమకు పోయే పళ్లేలు అప్పుడప్పుడూ పగిలేవి, ఎడమనుంచి కుడికి పోయేవాటి అంచు కూడా రాలేది కాదు. "అద్దె తుపాకీ, ఏం చేస్తాం!" అంటూ ఆయన కొత్తవి చూడటానికి క్లబ్బు కొట్లోకి వెళ్లిపోయాడు. కోచ్ చిన్నాయనను పక్కకు పిలిచి చేతులు చాపి ఏదో చూపిస్తూ చాలాసేపు మాట్లాడాడు. చిన్నాయన తలూపాడు. చెవులకు మఫ్స్ తగిలించుకున్న నాకు ఒక్క ముక్కా వినపడలేదు.

తిరుగు ప్రయాణంలో మైకు పెద్దాయనదే. సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ పుట్టుక దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. జాన్ బ్రౌనింగ్ అనే మేధావి దాన్ని తయారుచేసి, అప్పటిదాకా తన డిజైన్లెన్నో కొన్న వించెస్టర్ కంపెనీకి తీసుకెళ్లాడట. ఈసారి ఒక్క మొత్తంగా వద్దు, అమ్మిన ప్రతి తుపాకీ మీదా రాయల్టీ ఇవ్వమన్నాడు. వించెస్టర్ కుదరదంది. రెమింగ్టన్ గుమ్మం ఎక్కాడు. 1902 జనవరిలో ఆ కంపెనీ అధ్యక్షుడు మార్సెలస్ హార్ట్‌లీని కలవడానికి ఆఫీసులో కూర్చుని ఉండగానే హార్ట్‌లీ గుండెపోటుతో పోయాడన్న కబురొచ్చింది. బ్రౌనింగ్ ఓడెక్కి బెల్జియం వెళ్లి ఎఫ్.ఎన్. ఫ్యాక్టరీ చేతిలో పెట్టాడు. ఆటో-5 పేరుతో అది ఆ శతాబ్దం చివరిదాకా తయారవుతూనే ఉంది. తర్వాత వించెస్టర్ సొంతంగా ఒకటి చేసుకోబోతే బ్రౌనింగ్ పేటెంట్లే అడ్డొచ్చాయి. బోల్టు లాగడానికి పిడి పెట్టే దారి లేక, గొట్టాన్నే పట్టుకుని వెనక్కి నెట్టే పద్ధతి పెట్టారు. 1911 మోడల్ అది, విధవల్ని చేసే తుపాకీ అని దానికి మారుపేరు.

"చూశావా తమ్ముడూ! చేతికొచ్చినదాని విలువ తెలుసుకోలేనివాడి గతి అది," అని పెద్దాయన విరగబడి నవ్వాడు. చిన్నాయన రెండుసార్లు "అన్నయ్యా, కోచ్..." అని మొదలుపెట్టాడు. "ఆగు, అసలు సంగతి ఇప్పుడొస్తుంది," అన్నాడు పెద్దాయన. ఆ అసలు సంగతి రౌండ్ రాక్ వచ్చేదాకా వస్తూనే ఉంది.

తర్వాత ఎంపిక మొదలైంది. పెద్దాయన ఎక్సెల్ షీటు తెరిచాడంటే ఇంట్లో వాళ్లు ఆయన జోలికి పోరు. ఒక గొట్టం మీద ఇంకో గొట్టం ఉండే ఓవర్-అండర్ ముందే కొట్టేశాడు. రెండు గొట్టాల మూతులకు గుళ్ల చెదురును అదుపు చేసే చోక్‌లు రెండు రకాలు పెట్టుకుని దగ్గరి పళ్లేనికొకటి, దూరానికొకటి వాడుకోవచ్చన్నది దాని గొప్ప. సెమీకి ఒకటే గొట్టం, ఒకటే చోక్. కానీ వంద పళ్లేల ఆట ముగిసేసరికి యాభై దాటినవాడి భుజం ఏమంటుందో కూడా చూసుకోవాలి కదా. సెమీలోనూ గ్యాసా, ఇనర్షియానా? దీని మీద ఆయన చేసినంత చర్చ వాళ్ల పెళ్లిసంబంధాల మీద కూడా జరగలేదని వాళ్లావిడే చెప్పింది.

గ్యాస్ తుపాకీలో పేలుడు వాయువు కొంత, గొట్టం అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి దిగి పిస్టన్‌ను తోస్తుంది. అది బోల్టును వెనక్కి నెట్టి, ఖాళీ షెల్‌ను బయటికి విసిరి, కొత్తది లోపలికి తెచ్చుకుంటుంది. ఈ తతంగం వల్ల తన్ను ఒక్క దెబ్బగా కాకుండా కాస్త సాగి భుజానికి చేరుతుంది. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100కి అంత పేరు రావడానికి ఈ మెత్తదనమే కారణం. మసి మాత్రం పడుతుంది, కడుక్కోవాలి. ఇనర్షియా పద్ధతి బెనెల్లీ వాళ్ల పేరుతో లోకమంతా తిరిగింది. తుపాకీ మొత్తం వెనక్కి తన్నినప్పుడు బోల్టు ఉన్నచోటే ఉండబోతుంది, మధ్యలో గట్టి స్ప్రింగు నొక్కుకుని విచ్చుకుంటుంది. మసి తక్కువ, బరువు తక్కువ. భుజానికి ఆ సంగతి తెలుస్తుంది కూడా. నా మట్టుకు నాకు, వారాంతాల్లో సరదాకి కాల్చేవాడు గ్యాస్‌ది తీసుకుని ఒక గుడ్డముక్క, నూనె సీసా దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. నా మాట ఎవరడిగారు?

పెద్దాయన ఇంకా లోతుకు దిగాడు. షాట్‌గన్‌కు రైఫిల్‌కున్నట్టు వెనక గురి ఉండదు. చెంపను, భుజానికి ఆనే స్టాక్ మీద పెడితే, ఆ వెనక గురి పని కన్నే చేస్తుంది. అందుకే స్టాక్ పొడవు, వాలు, పక్క వంపు మనిషికి సరిపోవాలి, అవసరమైతే మధ్యలో షిమ్‌లనే పల్చటి బిళ్లలు పెట్టి సర్దాలి. ఇందులో స్టాక్‌కు సంబంధించిన సగాన్ని ఆయన క్షుణ్ణంగా చదివాడు.

చివరికి 30 అంగుళాల గొట్టమున్న ఇటలీ గ్యాస్ తుపాకీ ఇంటికొచ్చింది, రెండు వేల డాలర్లు పెట్టి. తీసుకెళ్లి కాల్చాడు. ఎడమకు పోయేవి కొన్ని పగిలాయి. కుడికి పోయేవి పచ్చిక మీద సుఖంగా వాలాయి. చోక్‌లు మార్చాడు, షిమ్‌లు మార్చాడు, తూటాలు మార్చాడు. కోచ్‌తో ఒక గంట కూర్చోండని నేనే అన్నాను. "గంటకు వంద డాలర్లు పోసి అతని మాటలు వినేబదులు, ఆ డబ్బు మంచి తుపాకీ మీద పెడితే ఆస్తిగా ఉంటుంది," అన్నాడు.

ఎండాకాలం రాగానే తీర్పు చెప్పేశాడు. "ఇది నాకు అచ్చిరాలేదు. బయటివాడికి పోనివ్వడమెందుకు, సగం ధరకు నువ్వే తీసుకో తమ్ముడూ."

"మీరన్నాక కాదంటానా అన్నయ్యా," అన్నాడు చిన్నాయన.

టెక్సాస్‌లో పక్కపక్క ఇళ్లవాళ్లు చేతులు మార్చుకోవడానికి ఫెడరల్ చట్టం కాగితాలేమీ అడగదు. అయినా పెద్దాయన పద్ధతి గల మనిషి, కొట్టుకు తీసుకెళ్లి ఫారం నింపించి మరీ అప్పగించాడు. ఆ తర్వాత ఇనర్షియాది వచ్చింది. అదీ ఎడమ పళ్లేలకే పనికొచ్చింది, పైగా భుజం కమిలింది. దసరా నాటికి అదీ అచ్చిరానిదైపోయి, సగం ధరకు అదే గూటికి చేరింది. మూడోది 32 అంగుళాల గొట్టంతో, బరువుగా, మళ్లీ గ్యాస్‌దే. చిన్నాయన మాత్రం మొదటి తుపాకీతో హాయిగా డెబ్బైలు, ఎనభైలు కొడుతూ, ఇంటికొచ్చి దాన్ని శుభ్రంగా తుడిచి బీరువాలో పెట్టుకుంటున్నాడు.

భర్త గొణుగుడు భరించలేక పెద్దాయన భార్య పెళ్లిరోజుకు కోచ్ దగ్గర ఒక పాఠం కానుకగా బుక్ చేసింది. కానుకను తిప్పిపంపలేడు కదా, వెళ్లాం. మళ్లీ ఆ కోచే. నాలుగు తూటాలు కాల్చనిచ్చి, తుపాకీ కింద పెట్టమన్నాడు. "రెండు చేతులూ చాపండి. అరచేతుల మధ్య చిన్న సందు చేసి అందులోంచి నా ముక్కు చూడండి," అన్నాడు. పెద్దాయన చూశాడు. సందులోంచి కోచ్‌కు కనిపించింది ఎడమ కన్ను.

"కుడి భుజం మీంచి కాలుస్తున్నారు, గురి చూస్తున్నది ఎడమ కన్ను. అందుకే గొట్టం ఎప్పుడూ ఎడమకే పోతోంది," అన్నాడు కోచ్. జేబులోంచి సెల్లోటేప్ తీసి, గోరంత ముక్క తుంచి, పెద్దాయన కళ్లద్దాల్లో ఎడమ అద్దం మీద కనుపాప ఎదురుగా అంటించాడు. "ఇప్పుడు పిలవండి."

"పుల్!"

కుడికి పోతున్న పళ్లెం గాల్లోనే నల్లటి పొడి అయిపోయింది. ఇంకోటి, ఇంకోటి. పెద్దాయన చిన్నపిల్లాడైపోయాడు. ఉన్న మూడు తుపాకీలూ వరసగా తెప్పించి చూశాడు. మూడోది పర్వాలేదన్నాడు. ఇనర్షియాది తన్నింది గానీ పగలగొట్టింది. మొదటిది భుజానికి ఆనగానే ఆయన మొహం విప్పారింది. వేసిన పళ్లెమల్లా పగిలింది.

"తమ్ముడూ, అసలు తుపాకీ ఇదే! ఇది నాకిచ్చెయ్, డబ్బిచ్చేస్తాను."

"నా చేతికి అలవాటైపోయిందన్నయ్యా," అన్నాడు చిన్నాయన, గొట్టాన్ని గుడ్డతో తుడుస్తూ. "అయినా మీరు కాబట్టి లాభం చూసుకోను. కొన్న ధరకే ఇస్తాను."

"నువ్వు కొన్న ధరకేగా?"

"మీరు కొన్న ధరకి."

ఆ ఊపులో పెద్దాయన బేరం కూడా ఆడలేదు. ఫోన్ తీసి అక్కడికక్కడే రెండు వేలూ పంపేశాడు. కోచ్ టేపు చుట్ట ఆయన చేతిలో పెట్టి భుజం తట్టాడు. "ఒకటి మాత్రం నాకర్థం కాలేదు. మీది ఎడమ కన్నేమోనని మొదటి రోజే అనుమానమొచ్చి మీ బ్రదర్‌కి చెప్పాను. ఇంట్లోనే ఇలా చూసుకుని టేపు వేసుకోమనండని చేతులతో చేసి మరీ చూపించాను. ఇంతకాలం ఎందుకు తాత్సారం చేశారు?"

పెద్దాయన మెల్లగా వెనక్కి తిరిగాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"ఆ రోజే చెప్పబోయానన్నయ్యా. దారంతా మీరు వించెస్టర్ కథ చెప్పారు."

"మరి ఆ తర్వాత?"

"ఆ తర్వాత మీరు సగం ధర చెప్పారు."