కడుపుకి జీతం లేని సెలవు

ప్రైవేటు టీచర్లకు నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల రేషన్ బియ్యం. 2021లో కరోనాతో బడులు మూతపడ్డప్పుడు తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన ఈ వరంతో ఒకటి రూఢి అయింది. బడి మూతపడితే టీచర్ని తీసెయ్యకుండా జీతం లేని సెలవులో ఉంచే ప్రయోగం దిగ్విజయంగా నడిచింది. ఇక ఇళ్లకు విస్తరించడమే తరువాయి.

సారు ఇవ్వాళే తన కడుపుకి సర్క్యులర్ పంపాలి: ‘పరిస్థితులు చక్కబడే వరకు తమరు సెలవులో ఉంటారు. తొలగించడం లేదు. తమరూ మా కుటుంబ సభ్యులే. ఈలోగా వేరేచోట తినరాదు.’ ధిక్కరించి అర్ధరాత్రి గుర్రుమంటే మెమో. మూడు మెమోలైతే, బడి తెరిచాక కూడా పెరుగన్నం బంద్.

ఆన్‌లైన్ పాఠాలు చెప్పి సగం జీతం అందుకున్న లెక్కల సారు కడుపు పూట విడిచి పూట డ్యూటీకి రావచ్చు. చిక్కల్లా పీఈటీ సారుతోనే. ఫోన్లో కబడ్డీ ఆడించలేక మొదట్లోనే ఇంటికెళ్లిన మనిషి. ఆయన కడుపుకి ఆన్‌లైన్ భోజనమే గతి. ఒంటిగంటకు లింకు వస్తుంది. వీడియో ఆన్ చేసి బిర్యానీ చూడాలి. గుటకలు వినపడకుండా మైకు మ్యూట్‌లో పెట్టాలి. చివర్లో అటెండెన్స్.

‘ఉపాధి హామీ పనిలో మట్టి మోశాను, ఆకలెక్కువైంది’ అని కడుపు అర్జీ పెట్టుకుంటే తిరస్కరించాలి. సెలవులో ఉండి ఆకలేయడం క్రమశిక్షణా రాహిత్యం.

పోనీ, కోర్టుకెళ్తుందా? ఫ్యాక్టరీలో లే-ఆఫ్ అయితే, ఏడాది సర్వీసున్న కార్మికుడికి సగం వేతనం ఇమ్మనేది అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం. టీచరు ఆ చట్టం కిందికి రాడని, బోధన ఉదాత్తమైన వృత్తి అని 1988లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. ఉదాత్తులకు పరిహారమేమిటి, అసహ్యంగా!

బియ్యాన్ని వెక్కిరించడం లేదు. తోపుడుబండి మీద కూరగాయలమ్మిన సారుకి ఆ బియ్యం అవసరమైంది. ఫీజులు రాక నిజంగానే చితికిపోయిన చిన్న బళ్ల సంగతీ వేరు. కానీ ఆన్‌లైన్ క్లాసుల పేరుతో ఫీజు పిండుకుని, కట్టని పిల్లాడికి లింకు కోసేసి, ఆ పాఠం చెప్పినవాడి జీతం ఎగ్గొట్టిన కరస్పాండెంట్లున్నారే, వాళ్ల బాకీని జనం పన్నుల్లోంచి బియ్యంగా కొలిచి తీర్చడానికి మీరెవరు, సర్కారువారూ? టీచర్ని బ్యాంకు ఖాతా వివరాలు పట్టుకురమ్మన్నారు. సరే. ఆ కరస్పాండెంట్‌ని ఫీజు రసీదులు, జీతాల రిజిస్టరు పట్టుకురమ్మని ఒక్క కలెక్టరైనా ఎందుకు పిలవలేదు?