మెట్టతామర దుంపలు

మినియాపొలిస్‌లో ఉంటున్న మా మిత్రుడికి మెట్టతామరలంటే ప్రాణం. వాళ్ళ తెనాలిలో మురుగుకాలవ గట్టున ఎవరూ నాటకుండానే గుబురుగా పెరిగే మొక్క. అక్కడ మాత్రం దానికి రాజభోగం. ఉష్ణదేశపు దుంప కదా, నేల గడ్డకట్టిందంటే అందులోనే కుళ్ళిపోతుంది. అందుకని అక్టోబరులో తొలి మంచుకి ఆకులు నల్లబడగానే కాడలు జానెడు ఎత్తున కోసేసి, దుంప తెగకుండా చుట్టూ తవ్వి పైకి తీస్తాడు. మన్ను దులిపి, నీడన ఆరబెట్టి, పీట్ పొడిలో పొదిగి, అట్టపెట్టెల్లో బేస్‌మెంటుకి చేరుస్తాడు. అక్కడ 7 నుంచి 10 డిగ్రీల చల్లదనం ఉండాలి. వెచ్చగా ఉంటే వేళ కాకుండానే మొలకెత్తుతాయి, మరీ చల్లబడితే చస్తాయి. కొత్తల్లుడికి కూడా ఇంత మర్యాద జరగదు.

పోయిన అక్టోబరులో వాళ్ళమ్మ అక్కడే ఉంది. పూల రంగుని బట్టి కాడలకి ముందే కట్టి ఉంచిన గుడ్డపీలికలు చూసి, దుంపల్ని వేరు చేయడానికి సాయం కూర్చుంది.

"ఇది ఎరుపా, నారింజారా? నాకంతా మసగ్గా కనపడుతోంది."

"ఇండియా వెళ్ళాక చూపించుకో అమ్మా, ఇక్కడ ఖర్చెక్కువ" అంటూ ఆవిడ చేతిలోది తీసేసుకుని, పక్కన పెట్టిన దుంపలన్నీ మళ్ళీ తనే సరిచూసుకున్నాడు. రంగులు కలిసిపోతే మే నెలలో నాటేటప్పుడు వరసలు చెడతాయని వాడి బెంగ. నెలాఖరుకి ఆవిడ విమానం ఎక్కేసింది.

జనవరిలో నేను వాళ్ళింట్లో ఉండగా ఆవిడ దగ్గర్నించి ఫోను. వాడి చేతులకి పీట్ పొడి. స్పీకరు నొక్కమన్నాడు.

"ఏం చేస్తున్నావు నాయనా?"

"దుంపలు చూస్తున్నానమ్మా. నెలనెలా విప్పి, ఒక్కోదాన్నీ నొక్కి చూడాలి. మెత్తబడితే ఆ ముక్క కోసెయ్యాలి, ముడతలు పడితే కాసిని నీళ్ళు చిలకరించాలి. ఒక్క నెల పట్టించుకోలేదా, అంతే సంగతులు!"

"మంచిదిరా, అశ్రద్ధ చెయ్యకు."

"నువ్వెలా ఉన్నావు?"

"బాగానే ఉన్నా. పోయిన నెల రెండు కళ్ళకీ ఆపరేషన్ చేయించుకున్నా. పక్కింటి అమ్మాయి తోడొచ్చింది."

"అయ్యో, చెప్పలేదేమమ్మా!"

"ఇప్పుడన్నీ బాగా కనపడుతున్నాయిలే."