స్లైడ్లు తిప్పే ఫోన్‌ని

నేను పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ని. తెర మూలన పగులుంది, బ్యాటరీ సాయంత్రం దాకా ఆగదు. మా సార్‌కు మాట్లాడటానికి కొత్త ఫోన్ ఉంది. నాకు మిగిలింది ఒకటే కొలువు: సార్ పాఠం చెబుతుంటే స్లైడ్లు తిప్పడం.

2016 దసరాకు మహబూబ్‌నగర్ నుంచి విడివడ్డ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోనే మా తిరుగుడు. నేను రాకముందు సార్ గానుగెద్దులా ల్యాప్‌టాప్ చుట్టే తిరిగేవారట. లేదంటే ముందు వరుస పిల్లగాడికి సైగ చేసేవారు. వాడు ఒకటి తిప్పమంటే రెండు తిప్పేవాడు.

గద్వాలలో నేతన్నలకు ఆన్‌లైన్ అమ్మకాల తరగతి. విండోస్ ల్యాప్‌టాప్‌లోనూ నాలోనూ కేడీఈ కనెక్ట్ యాప్ ఉంది. ఇద్దరం ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు. అక్కడ వైఫై లేదు కాబట్టి నేనే హాట్‌స్పాట్‌నయ్యాను. చీర నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోటు తెర మీదికొచ్చింది. "జర ఎనుకకు తిప్పు సారూ, ఆ కోటకొమ్మ అంచు మంచిగ సూడనీ" అంది వెనక వరుసలో ఒక పెద్దమ్మ. సార్ ఆమె పక్కనే నిలబడి నా మీట నొక్కారు. మూడు నాడెలతో ఆ అంచు ఎలా నేస్తారో ఆమే చెప్పింది. ఆ పూట పాఠం ఆమెదే.

వనపర్తిలో ఒక కాలేజీలో మాకు చిక్కొచ్చింది. కాలేజీ వైఫైలో అక్కడి కంప్యూటరూ నేనూ ఉన్నా ఒకరికొకరం కనిపించలేదు. ఒక పరికరం ఇంకోదాన్ని తాకకుండా అక్కడ అడ్డుకట్ట వేశారు, భద్రత కోసం. మళ్లీ నా హాట్‌స్పాటే దిక్కయింది. అక్కడిది లినక్స్ కంప్యూటర్, స్లైడ్లకు లిబ్రే ఆఫీస్. నాలో ఇంప్రెస్ రిమోట్ యాప్ తెరిస్తే నా తెర మీద పిన్ నంబరు వచ్చింది; అది కంప్యూటర్లో కొట్టగానే జత కుదిరింది. స్లైడు బొమ్మ, సార్ రాసుకున్న నోట్సు రెండూ నా తెర మీదే కనిపించాయి.

నాగర్‌కర్నూల్‌లో పత్తి రైతుల సభ. నేను సరిగ్గానే తిప్పాను, కానీ తెర మీద తెలుగుకు బదులు పిచ్చిగీతలు! స్లైడ్లు యూనికోడ్ కాని అను ఫాంటులో చేసినవి, ఆ కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు. సార్ ప్రొజెక్టర్ ఆపించి, పత్తికాయ చీల్చి గులాబీ రంగు పురుగును చూపించారు. రైతులు కుర్చీలు వదిలి చుట్టూ మూగారు. అప్పటి నుంచి సార్ యూనికోడ్‌లోనే రాస్తున్నారు, పీడీఎఫ్ ప్రతి కూడా వెంట ఉంచుకుంటున్నారు. పీడీఎఫ్ పేజీలనూ నేను తిప్పగలను.

పాఠం చెప్పే అయ్యల్లారా, అమ్మల్లారా! జనం రాకముందే నన్ను జత చేసుకోండి, నోటిఫికేషన్లు ఆపేయండి. ఆ తర్వాత బల్ల వదిలి జనం మధ్యకు నడవండి. స్లైడ్ల సంగతి నేను చూసుకుంటాను.