45 మైక్రోగ్రాముల ధర్మసందేహము

సూర్యాపేటలోను కోదాడలోను గాజు తలుపుల చల్లని దుకాణములు తెరచి, కూరగాయల అరకు ఆకుపచ్చ అక్షరములతో 'ఫ్రెష్' అని నామకరణము చేసిన వర్తకశ్రేష్ఠులు, తమ సరకునందు రేడియోధార్మికత యున్నదేమో యని యొకనాడైనను నిద్ర చెడగొట్టుకొన్నవారు కారు. అందులకు వారిని నిందించుట న్యాయము గాదు. ఏలయన గ్రాము తప్పని తూకపుయంత్రము, బార్‌కోడు చదువు ఎఱ్ఱకన్ను, దొంగచేతిని పట్టు కెమెరా వారియొద్ద నున్నవి గాని, రేడియోధార్మికతను కొలుచు బెకెరెల్ లెక్క తెలిసిన యంత్రము లేదు. లేని యంత్రము మ్రోగదు. మ్రోగనంతవఱకు సరకు నిర్దోషి.

అణుధూళి పడిన ఆకుకూరను బాగుగా కడిగినచో పైధూళి కొంత పోవుననియు, అయొడీన్-131 అనునది 8 దినములలో సగమగుననియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ రెండు చికిత్సలును మనవారికి ఏ శాస్త్రజ్ఞుడును నేర్పనక్కఱలేదు: తోటకూర కట్టలపై మగ్గుతో నీళ్లు చల్లుచునే యుందురు, వడలిన వంకాయకు అరలో వారము దినముల విశ్రాంతి నిచ్చుచునే యుందురు. సీజియం-137 సగమగుటకు మాత్రము 30 ఏండ్లు పట్టునట. అంతటి నిలువసరకు, పచ్చళ్ల అరను మినహాయించినచో, మన బజారున కింకను రాలేదు.

1986 నాటి చెర్నోబిల్ ప్రమాదము పిదప ఐర్లండు వెన్న మన దేశమునకు దిగుమతి కాగా, అందు రేడియోధార్మికత యున్నదన్న తగవు సుప్రీంకోర్టుదాక పోయి, అది హద్దుకు లోబడియే యున్నదని నిపుణులు తేల్చిన మీదట 1988లో ముగిసినది. ఆ వెన్నకు పట్టిన భాగ్యము మన బెండకాయకు పట్టలేదు.

చెర్నోబిల్ ఎక్కడ, మిర్యాలగూడ ఎక్కడ యని మిల్లుల యజమానులు నవ్వవచ్చును. కాని నాగార్జునసాగరము చేరువనే లంబాపూరు, పెద్దగట్టు నేలలలో యురేనియమున్నది. దానిని త్రవ్వుటపై 2003లో జరిగిన బహిరంగ విచారణలో గని వలదని జనులు మొఱపెట్టిరి. గని యింకను తెరువబడలేదు. ఆ సాగరపు ఎడమకాలువ నీటనే మిర్యాలగూడ, కోదాడ వరిచేలు పండుచున్నవి. ఆ వడ్లే మిల్లులలో తెల్లనై, 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య ముద్రించిన సంచులకెక్కుచున్నవి. ఆ పదునాలుగింటిలో ఒక్క యంకెయు నీటి జన్మవృత్తాంతమును చెప్పదు.

గనితో పనిలేకయే, ఈ నల్లగొండ గ్రానైటు నేలలో కొన్ని బావుల నీట యురేనియము సహజముగా నున్నట్లు పరిశోధకులు కనుగొనిరి. (ఎముకలను వంచిన ఫ్లోరైడు చాలదు కాబోలు!) త్రాగునీట లీటరునకు 30 మైక్రోగ్రాములు మించరాదని ఢిల్లీలోని భారతీయ ప్రమాణముల సంస్థ చెప్పును, 60 వఱకు చెల్లునని ముంబయిలోని అణుశక్తి నియంత్రణ మండలి చెప్పును. ఒక బోరునీట 45 ఉన్నవనుకొందము: ఢిల్లీ గ్రంథము ప్రకారము అది దోషి, ముంబయి గ్రంథము ప్రకారము నిర్దోషి. తోటకూరను కడిగి శుద్ధి చేయవలసినది ఆ నీటితోనే.

ఈ ధర్మసందేహమును తీర్చుమని వర్తకుడు తనిఖీకి వచ్చిన అధికారినడిగినచో, ఆయన అంతయు సావధానముగా విని, లైసెన్సు కాగితము గోడపై అందఱకు కనబడునట్లు ఏల వ్రేలాడదీయలేదని గద్దించును.